మా అమ్మమ్మ ఘోషా, మా పిల్లల నఖాబ్

మొన్న మెహదీపట్నంలో బస్సెక్కాను. నా ముందు సీట్లో బుర్ఖా, ముఖం కప్పే నఖాబ్ వేసుకున్న అమ్మాయి, ఒళ్లో ల్యాబ్ రికార్డు. కండక్టరమ్మకి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. వెనక నుంచి ఒక పెద్దాయన బస్సంతా వినపడేలా అన్నాడు: "ఫ్రాన్స్‌ల బంద్ జేసినట్టు ఈడ గూడ బంద్ జెయ్యాలె. మొకం సూపియ్యనోళ్లని ఎట్ల నమ్ముతం?" ఆ అమ్మాయి తల తిప్పలేదు. రికార్డు మీద వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి. ఆమె పక్కనే ఇంకో అమ్మాయి, ఎండకీ దుమ్ముకీ చున్నీ ముఖమంతా చుట్టుకుని, కళ్లు తప్ప ఏమీ కనపడకుండా కూర్చుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు స్కూటీల మీద రోజూ కనపడే వేషమే. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు.

నేనూ ఆయన్ని ఏమీ అనలేదు. అప్పటి నుంచి మనసులో ముల్లులా ఉంది. అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నాకు నఖాబ్ ఇష్టం లేదు. ఇరవై ఏళ్ల పైనుంచి పాతబస్తీ పిల్లలకి పాఠాలు చెప్తున్నాను. దాచుకోవాల్సింది ఎప్పుడూ ఆడదాని ముఖమే ఎందుకు కావాలి అని నాకూ మండుతుంది. అయినా ప్రభుత్వం చట్టం పెట్టి దాన్ని తీయించడం తప్పనే అంటాను.

మా అమ్మమ్మది విజయనగరం వైపు. ఘోషా ఇల్లు, అంటే ఆడవాళ్లు పరదా పాటించే ఇల్లు. తెర కట్టిన బండిలో తప్ప గడప దాటేది కాదట. విశాఖలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అనే అంటారు. మద్రాసులో 1885లో పెట్టిన ఒక ఆసుపత్రి పేరులోనూ ఘోషా ఉండేది. మగ డాక్టరు ముందుకి రాలేని ఆడవాళ్ల కోసం పెట్టినవి అవి. ముందు తెర తీసెయ్యండి, తర్వాతే వైద్యం అని ఎవరూ గుమ్మంలో నిలబెట్టలేదు. మా అమ్మ పుట్టింది ఆ విశాఖ ఆసుపత్రిలోనే. తర్వాత అమ్మమ్మ పోరుపెట్టి కూతురిని బడికి పంపింది, ఆ కూతురు టీచరైంది. మా ఇంట్లో ఘోషా ఏ సంవత్సరం పోయిందో అడిగితే చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. అదే పోలీసులు వచ్చి బండి తెర లాగి ఉంటే, తాతయ్య ఆమెని ఆసుపత్రికి కూడా పంపేవాడు కాదు.

ఇక ఫ్రాన్స్ సంగతి. అక్కడ చట్టం 2010లో చేశారు, 2011 ఏప్రిల్ నుంచి అమలైంది. ముఖం కప్పుకుంటే 150 యూరోల దాకా జరిమానా. బలవంతంగా కప్పించినవాడికి ఏడాది జైలు, 30,000 యూరోల జరిమానా. ఈ రెండో భాగం మీద నాకు పేచీ లేదు, అలాంటిది ఇక్కడా ఉంటే సంతోషిస్తాను. కానీ మొదటి భాగం జరిమానా ఎవరి దగ్గర వసూలు చేస్తుంది? ఆ ఆడమనిషి దగ్గరే. ముఖాలు కనపడితేనే కలిసి బతకగలమన్న వాదనని యూరప్ మానవ హక్కుల కోర్టు 2014లో ఒప్పుకుంది. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ మాత్రం ఈ నిషేధం ఆడవాళ్లని ఇంటికే పరిమితం చేసే ప్రమాదం ఉందని తప్పుపట్టింది. కలిసి బతకడానికి ముఖం కనపడి తీరాలంటే, 2020లో మాస్కు లేనివాళ్లకి మన తెలంగాణలోనే 1000 రూపాయల జరిమానా వేశారు కదా. ఆ ముఖాలతోనే కూరగాయలు కొన్నాం, బ్యాంకుకెళ్లాం.

ఇరాన్‌లో 1936లో రాజు ముసుగులు తీయించాడు, పోలీసులు వీధుల్లో లాగారు. 1979 తర్వాత వచ్చినవాళ్లు తల కప్పించారు. 2022లో మహ్సా అమీనీ అనే 22 ఏళ్ల అమ్మాయి పోలీసు కస్టడీకి వెళ్లి ప్రాణం పోగొట్టుకుంది. రెండుసార్లూ లాఠీ ఆడదాని తల దగ్గరే ఉంది.

భద్రత అంటారా, ఆ పని నేనే చేస్తున్నాను. పరీక్ష రోజు నఖాబ్ పిల్లల్ని పక్క గదిలోకి తీసుకెళ్లి, ముఖం చూసి, హాల్ టికెట్ ఫొటోతో సరిపోల్చి పంపిస్తాను. మనిషికి అర నిమిషం. ఏ పిల్లా కాదనలేదు. పోలింగ్ బూతుల్లో పరదా ఆడవాళ్లని మహిళా సిబ్బందే విడిగా గుర్తించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. చూడాల్సిన చోట చూడటం వేరు, రోడ్డు మీద నడిచేదాన్ని ఆపటం వేరు.

మరి బలవంతం లేదా? ఉంది, కళ్లారా చూశాను. ఒక పిల్ల నాతో అంది: "ఇది ఏస్కుంటా అంటేనే అబ్బా కాలేజీకి తోలిండు మేడమ్." గేటు లోపలికి రాగానే బుర్ఖా మడిచి బ్యాగులో పెట్టేది, సాయంత్రం మళ్లీ తొడుక్కునేది. ఇప్పుడు ఎమ్మెస్సీ చేస్తోంది. రేపు బ్యాన్ వస్తే ఆ తండ్రి మాన్పించేది నఖాబ్‌ని కాదు, చదువుని. కర్ణాటక కాలేజీల్లో నిషేధం గొడవ తల మీది హిజాబ్ గురించి, ముఖం గురించి కూడా కాదు. 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలూ చెరో మాట చెప్పారు. జస్టిస్ ధూలియా అమ్మాయిల చదువు ఏమవుతుందన్నదే ముందు పెట్టారు. నా లెక్కా అదే. ఇష్టంగా వేసుకునేవాళ్లూ నా క్లాసులో ఉన్నారు, ఇంట్లోవాళ్లు వద్దన్నా వేసుకునేవాళ్లు. వాళ్లతో గంటలకొద్దీ వాదించాను. ఆ వాదన జరగాలన్నా వాళ్లు క్లాసుకి రావాలి.

పాతబస్తీ ఆడపిల్లల మీద అంత బెంగ ఉంటే, సాయంత్రం ల్యాబ్ అయ్యాక ఆ గల్లీల దాకా వెళ్లే బస్సులు పెంచమని అడగండి. చీకటి పడేసరికి ఇల్లు చేరలేక మా పిల్లలు ప్రాక్టికల్స్ సగంలో వదిలి వెళ్తున్నారు.