వెయ్యి సినిమాల ఇళయరాజాలో ఏవి పూర్తిగా వినాలి?

మా అక్క కూతురు ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. పోయిన నెల సెలవులకు కడపకు వచ్చినప్పుడు ఫోను నా చేతికిచ్చి, "మామా, ఇళయరాజావి వెయ్యి సినిమాలంట. అన్నీ యాడ వినేది? ఏవి వినాల్నో నువ్వే చెప్పు" అని అడిగింది. అప్పటికి నోటికొచ్చిన నాలుగు పేర్లు చెప్పాను గానీ, ముప్పై ఏళ్లకు పైగా ఆ పాటలు వింటున్న నేను ఆ పిల్లకు సరైన సమాధానం చెప్పలేదన్న బాధ వారం రోజులైనా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. "రాజా గారివి అన్నీ అమృతమే, ఏది పెట్టుకున్నా ఒకటే" అనే అభిమానులతో నేను ఏకీభవించను. 1976లో 'అన్నక్కిళి'తో మొదలై 2016లో వచ్చిన 'తారై తప్పట్టై' నాటికి ఆయన వెయ్యి సినిమాలు పూర్తి చేశారు. అంటే నలభై ఏళ్లపాటు సగటున ఏడాదికి పాతిక సినిమాలు; సినిమాకు అయిదు పాటలనుకున్నా అయిదు వేల పాటలు. ఇంత పనిలో అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయనడం, ఆయన ప్రాణం పెట్టి చేసినవాటిని నిర్మాత తొందర కోసం చేసినవాటితో కలిపేయడమే అవుతుంది. మన తాళ్లపాక అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడంటారు. రాగిరేకుల మీద మనకు దక్కినవి పన్నెండు వేలకు పైనే ఉన్నా, ఆయన పుట్టిన ఈ ప్రాంతంలోనే మన ఇళ్లలో పాడుకునేవి ఇరవై ముప్పైకి మించవు. ఏరుకోవడం అంటే తక్కువ చేయడం కాదు.

అయితే ఏరుకోవలసింది పాటలను కాదని, ఆల్బమ్‌లనని నా గట్టి అభిప్రాయం. దీని వెనుక ఒక చిన్న కథ ఉంది. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఏడురోడ్ల దగ్గర ఒక రికార్డింగ్ సెంటరుకు అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ తీసుకుపోయి, ఒక వైపు 'గీతాంజలి', రెండో వైపు 'అభినందన' ఎక్కించమని చెప్పాను. ఒక వైపుకు ముప్పై నిమిషాలే పడుతుంది. ఆ కొట్టాయన పాటలు పట్టవని నాకు చెప్పలేదు, ఒక పాట తగ్గించమంటావా అని అడగనూ లేదు. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. ఇంటికొచ్చి వింటే చివరిగా ఎక్కించిన 'ఓ పాపా లాలి' రెండో చరణం మధ్యలో బాలు గొంతు ఠక్కున ఆగిపోయింది. ఆ తరువాత టేపు ఆగిన చప్పుడు, అంతే. ఆ క్యాసెట్‌ను అరిగిపోయేదాకా విన్నాను, కాబట్టి నా మనసులో ఆ పాట అక్కడే ముగిసేది. కొన్నేళ్ల తరువాత ఒక రాత్రి కడప ఆకాశవాణిలో ఆ పాట పూర్తిగా వచ్చినప్పుడు, ఆ ముగింపు విని అన్నం ముందు కూర్చున్నవాడిని అలాగే ఉండిపోయాను. ఇవాళ ముప్పై సెకన్ల రీళ్లలో పల్లవి మాత్రమే విని "ఆ పాట నాకు తెలుసు" అనుకునే పిల్లలను చూస్తుంటే, వాళ్ల టేపునూ ఎవరో అలాగే కోసేస్తున్నారని నాకు కడుపు తరుక్కుపోతుంది.

'గీతాంజలి'నే చూడండి. 1989లో మణిరత్నం తీసిన ఈ సినిమాలో అందరి నోటా ఉండేది 'ఆమని పాడవే'. కానీ ఈ ఆల్బమ్‌కు ప్రాణం 'ఓం నమః' పాటలో ఉందని నేనంటాను. ఆ పాటకు గుండె చప్పుడే తాళం. కథానాయిక గుండెజబ్బు మనిషి. ఆమె బతికి ఉన్నంతసేపే వినిపించే చప్పుడు మీద ప్రేమపాటను నడిపించాడు ఇళయరాజా. ఆ తాళం చెవిలో పడ్డాక 'జల్లంత కవ్వింత' వినండి. ఆ వానలోని కేరింత వెనుక ఎంత కొద్ది కాలం మిగిలి ఉందో తెలుస్తుంది. ఒక్కో పాటను విడిగా వింటే ఈ బంధం అందదు. కథకూ వాద్యానికీ ముడి ఉన్నప్పుడే అది ఆల్బమ్ అవుతుంది. లేకపోతే అయిదు పాటలు ఒకే అట్ట కింద ఉన్నట్టే.

ఇన్నేళ్లలో నేను గమనించిన మరో సంగతి: ఒకే కవి చేత పాటలన్నీ రాయించిన ఆల్బమ్‌లు ఎక్కువ కాలం నిలబడ్డాయి. 'గీతాంజలి' అంతా వేటూరి; 'అభినందన' అంతా ఆత్రేయ; 'రుద్రవీణ', 'స్వర్ణకమలం' సిరివెన్నెల. వీటిలో చివరి మూడూ 1988 ఒక్క ఏడాదిలోనే వచ్చాయంటే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరు అడిగినా ఇకమీదట 'రుద్రవీణ' అనే చెబుతాను. సంగీతం పండితుల ఇంటి గడప లోపలే ఉండాలా, ఊరి మనుషుల కష్టంలోకి రావాలా అన్నదే ఆ కథ. ఆ పోరాటమంతా పాటల్లోనే జరుగుతుంది. ఏసుదాసు, చిత్ర పాడిన 'లలిత ప్రియ కమలం' శాస్త్రీయ సంగీతపు నిండుదనంతో సాగితే, అదే ఆల్బమ్‌లో బాలు పాడిన 'చెప్పాలని ఉంది' జనం మధ్య నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఈ సినిమాకు ఇళయరాజాకూ, ఆ పాటకు బాలుకూ జాతీయ పురస్కారాలు వచ్చాయి. అంతకు అయిదేళ్ల ముందు, 1983లో, 'సాగర సంగమం'కు కూడా ఇళయరాజాకు జాతీయ పురస్కారం దక్కింది. దానిలో ఒక్క పాటనైనా దాటవేయడానికి నాకు మనసొప్పదు.

వంశీ సినిమాలలో 'సితార', 'అన్వేషణ' రెండూ పూర్తిగా వినవలసినవే. 'వెన్నెల్లో గోదారి అందం' పాడిన ఎస్. జానకికి జాతీయ పురస్కారం వచ్చింది. ఏడాదిలో ఎక్కువ నెలలు పెన్నలో ఇసుకనే చూసే మాకు, నిండు గోదారి అంటే ఎలా ఉంటుందో ముందుగా చూపించింది కళ్లు కాదు, ఆ గొంతే. 'అన్వేషణ'లో 'కీరవాణి' పాట కీరవాణి రాగంలోనే నడుస్తుంది. చరణాల నడుమ వచ్చే వాద్యసంగీతాన్ని మాత్రమే విడిగా వింటూ ఒకసారి, మాటలతో ఒకసారి వినమని నా సలహా.

ఇక కొందరికి కోపం తెప్పించే మాట. 'జగదేకవీరుడు అతిలోక సుందరి'ని పూర్తి ఆల్బమ్‌గా విననక్కరలేదు. 'అబ్బనీ తియ్యనీ దెబ్బ', 'అందాలలో అహో మహోదయం' రెండూ గొప్ప పాటలే, వాటిని తప్పక వినాలి. తక్కినవి తెర మీద చిరంజీవి, శ్రీదేవి ఉంటేనే నిండుగా ఉంటాయి. తొంభైలలో పెద్ద హీరోలకు ఆయన చేసిన సినిమాలలో చాలావాటికి ఇదే నా తీర్పు. డబ్బింగ్ సినిమాలలో 'ఘర్షణ' ఒక్కటి నేను తెలుగులోనే వింటాను, ఎందుకంటే రాజశ్రీ మాటలు ఆ బాణీలకు అతుకు కనిపించకుండా కుదిరాయి. మిగతావి తమిళంలో వినడమే మంచిది.

పాత సినిమాల దగ్గరే ఆగిపోయినవాళ్లు 2011లో బాపు తీసిన 'శ్రీరామరాజ్యం' వినాలి. అందులో జొన్నవిత్తుల మాటలకు రాజా ఇచ్చిన బాణీలలో వయసు మీద పడిన జాడే లేదు.

సినిమాలు కానివాటి గురించి చెప్పకపోతే ఈ జాబితా కుంటిదే. 1986లో వచ్చిన 'హౌ టు నేమ్ ఇట్'ను ఆయన త్యాగరాజుకూ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చారు. ఉద్యోగరీత్యా నేను రోజూ కడప నుంచి రాజంపేటకు బస్సులో పోతాను. చెవిలో ఇది పెట్టుకుంటే ఒంటిమిట్ట గోపురం కనిపించేసరికి చాలాభాగం అయిపోతుంది. 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్' అనే భాగంలో బాఖ్ రాసిన వయొలిన్ రచన ఒక పక్క పరుగెడుతుంటే, దాని మీద మన కర్ణాటక బాణీ వయొలిన్ గమకాలతో వచ్చి మాట కలుపుతుంది. ఇద్దరిలో ఎవరూ తమ యాస మార్చుకోరు, అయినా సంభాషణ తెగదు. మొదటిసారి విన్న రోజు నందలూరు దగ్గర చెయ్యేరు వంతెన దాటేదాకా అదే భాగాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుని విన్నాను. మాటలు లేవని దీన్ని పక్కన పెట్టేవాళ్లు ఆయన మనసులోని గదికి తలుపే తీయలేదని నా ఉద్దేశం. హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో 1988లో వచ్చిన 'నథింగ్ బట్ విండ్' దీని తరువాత వినాలి, ముందు కాదు.

నిన్న రాత్రి మా అక్క కూతురు మెసేజ్ పెట్టింది. "మామా, రుద్రవీణ మొత్తం విన్నా. లలిత ప్రియ కమలం మూడుసార్లు పెట్టుకున్నా. తర్వాత ఏది?" అని అడిగింది. 'స్వర్ణకమలం' అని రాసి, మొదటి పాట నుంచి వరసగా, ఫోను పక్కన పెట్టి వినమని చెప్పాను.