అయస్కాంతాన్ని గుమ్మం బయటే వదలండి

విశాఖలో వెండి నాణ్యత తేల్చే పద్ధతులు రెండు. ఒకటి, కురుపాం మార్కెట్‌కి పట్టుకెళ్లి, గీటురాయి మీద గీయించి, యాసిడ్ చుక్క వేయించడం. రెండోది, ఆ వస్తువు ఎవరి తరఫు నుంచి వచ్చిందో అడగడం. మొదటిదాంట్లో పొరపాటు జరగొచ్చు. రెండోదానికి తిరుగులేదు.

పుట్టింటివారు పెట్టిన కంచం నల్లబడితే "సముద్రపు గాలి కదా, అసలు వెండే నల్లబడుతుంది" అంటారు. అత్తింటివారి గ్లాసు నల్లబడితే అది కల్తీ. ఆ నలుపు గాలిలోని గంధకం వల్ల వస్తుందనీ, 925 గ్రేడు, అంటే 92.5 శాతం వెండి కూడా నల్లబడుతుందనీ సైన్సు చెబుతుంది. చెబుతుంది, దానికేం? దానికి వియ్యంకులు లేరుగా.

నాణేల వ్యవహారం ఇంకా సున్నితం. విక్టోరియా రాణి రూపాయైనా, ఐదో జార్జిదైనా తులం బరువు, అంటే 11.66 గ్రాములు. అందులో 91.7 శాతం వెండి. యుద్ధం పుణ్యమా అని 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో సగమే. ఇక వెనక పులిబొమ్మ ఉండే 1947 రూపాయి పూర్తిగా నికెల్. వెండి పిసరంత కూడా లేదు. మన ఇళ్లలో పసుపు గుడ్డలో మూటగట్టి, దీపావళికి లక్ష్మీదేవి ముందు పెట్టేది సరిగ్గా దాన్నే. ఇంజనీరింగ్ చదివే మనవడు అయస్కాంతం తెచ్చి చూపిస్తే టక్కున అతుక్కుంటుంది. "చూశావురా, అయస్కాంతం కూడా వదల్లేకపోతోంది" అంటుంది నాయనమ్మ. దీనికి ఏ ల్యాబ్ దగ్గరా జవాబు లేదు.

రిటర్న్ గిఫ్టుల విషయంలో మన నగరం సాధించిన ప్రగతి వేరు. జర్మన్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింకు. అలాంటి కుంకుమ భరిణె ఎంవీపీ కాలనీ గృహప్రవేశంలో జర్మన్ సిల్వర్‌గానే బయల్దేరుతుంది. గాజువాక సీమంతానికి చేరేసరికి సిల్వర్ అవుతుంది. భీమిలి నోముల్లో వెండి. అక్కడి నుంచి ఇంకో చేయి మారితే "పాతకాలం వెండి, ఇప్పుడెక్కడ దొరుకుతుందమ్మా!" ఏ కొలిమీ ఇంత శుద్ధి చేయలేదు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ఎలాగూ ఉంది. కొన్నప్పుడు కట్టిన మజూరీ తిరిగి రాదు. టంచు, అంటే వెండి శాతం, తక్కువంటారు, పైగా తరుగు తీస్తారు.

2025 సెప్టెంబరు 1 నుంచి వెండి హాల్‌మార్కుకి కూడా ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో వస్తువుకీ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్ వచ్చింది, అదీ ఇష్టమైతేనే. చాలదని సవినయంగా మనవి. ఇచ్చినవారి ఇంటిపేరు, ఏ ఫంక్షన్‌లో ఇచ్చారో, ప్రస్తుతం రెండు కుటుంబాల మధ్య మాటలున్నాయో లేదో కూడా కోడ్‌లో చేర్చాలి. మూడోదాన్ని ఏటా రెన్యువల్ చేయించుకోవాలి.