గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆమె పని చేయలేదని రాయకండి

పంతొమ్మిదో శతాబ్దపు స్కాట్లండ్ జనగణన పుస్తకాల్లో ఒక పొలం పాలేరు ఇంటిని చూసి, భర్త నాగలి దున్నేవాడు, భార్యకు పనేమీ లేదు, పిల్లలు ఐదుగురు అని రాసుకుని పేజీ తిప్పేసేవారిని చూస్తే నాకు బాధా కోపమూ రెండూ కలుగుతాయి. ఆ కొద్ది వరుసల్లో ఉన్నది ఒక మగవాడి ఉద్యోగం కాదు. ఇంటిల్లిపాదీ కలిసి చేసిన కొలువు.

స్కాట్లండ్ ఆగ్నేయ మూలన ఉన్న బెరిక్‌షైర్ కౌంటీనే తీసుకోండి. అక్కడ పెళ్లయిన పాలేరును హైండ్ అనేవారు. ఏడాదికి కుదుర్చుకున్న అతని జీతంలో ఎక్కువ భాగం ఓట్స్ పిండి, బార్లీ, బఠాణీలు, ఒక ఆవుకు మేత, బంగాళాదుంపలు వేసుకోవడానికి కాస్త నేల రూపంలో ముట్టేది. ఉండే ఇల్లు రైతుదే. దాని అద్దె కింద కోతల రోజుల్లో హైండ్ భార్య కొడవలి పట్టాలి. జనగణన పుస్తకంలో మాత్రం ఆమె పేరు ఎదుట వృత్తి గడి ఖాళీగా ఉంటుంది, లేదంటే 'హైండ్ భార్య' అని ఉంటుంది. కోత కోసి అద్దె తీర్చిన మనిషిని పని లేనిదని ఎలా అంటాం?

దీనికి మించిన పొరపాటు ఇంకొకటి ఉంది. కొన్ని హైండ్ ఇళ్లలో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల బయటి అమ్మాయి 'సేవకురాలు' అని కనిపిస్తుంది. పనిమనిషిని పెట్టుకోగలిగాడంటే కలిగినవాడేనని చదివేవారు అనుకుంటారు. నిజం దానికి పూర్తిగా వ్యతిరేకం. రైతు పిలిచినప్పుడల్లా పొలానికి ఒక ఆడకూలీని పంపుతానన్న షరతుకు ఒప్పుకుంటేనే హైండ్‌కు కొలువు దొరికేది. ఆ కూలీని బాండేజర్ అనేవారు. ఇంట్లో ఎదిగిన కూతురో చెల్లెలో ఉంటే గడిచిపోయేది. లేకపోతే బయటి అమ్మాయిని ఆరు నెలల జీతానికి తెచ్చుకుని, తన ఇంట్లోనే తిండి పెట్టి, పడక చూపాలి. ఆమె పొలంలో పని చేసిన రోజులకే రైతు కూలి ఇచ్చేవాడు కనుక, వాన వచ్చి పని ఆగిన రోజు నష్టమంతా హైండ్ మీదే పడేది. ఆ కుటుంబాల మనసులో రగిలిన కష్టాల్లో ఇది చాలా పెద్దది.

ఇంతమందీ ఎక్కడ పడుకునేవారో కూడా ఆ పుస్తకమే చెబుతుంది. 1861లో స్కాట్లండ్ జనగణనను మొదటిసారి ఎడిన్‌బరోలోని సొంత కార్యాలయమే నడిపించింది. కిటికీ ఉన్న గదులు ఎన్ని అన్న ప్రశ్న అప్పుడే చేరింది. పాలేర్ల ఇళ్లలో ఆ గడిలో తరచుగా కనిపించే అంకె 1 లేదా 2. ఒకే గదిలో తలుపులున్న పెట్టె మంచాలను అడ్డంగా నిలబెట్టి, వాటినే గోడలనుకుని, భార్యాభర్తలు, పిల్లలు, బాండేజర్ అందరూ తల దాచుకునేవారు.

పుట్టిన ఊరి గడిని కూడా దయచేసి నిదానంగా చదవండి. పెద్దపిల్ల ఒక పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో), రెండోవాడు మరో పారిష్‌లో, చంటిబిడ్డ ఇంకోచోట పుట్టి ఉంటారు. తిరుగుబోతు కుటుంబమని ఒకరు రాయగా చదివాను. ఆ మాట నన్ను చాలా నొప్పించింది. ఏడాది కొలువు మే నెలలో విట్సన్ అనే క్రైస్తవ పండుగ పేరిట ఉన్న గడువుతో ముగిసేది, కొత్త కొలువు కుదిర్చే సంతలు వసంతకాలం మొదట్లోనే జరిగేవి. అంటే 1861 ఏప్రిల్ 7 రాత్రి లెక్కకెక్కిన అలాంటి ఇళ్లలో చాలామందికి, మరికొన్ని వారాల్లో ఏ పొలానికి పోవాలో అప్పటికే తెలిసి ఉంటుంది. గడువు రోజు రాగానే ఇల్లు రైతుకు వదిలి, గోడలుగా నిలిచిన ఆ పెట్టె మంచాలను విప్పి బండికెత్తుకునేవారు.