ఎవరి బిడ్డవు, స్టెమ్ సెల్ సీరమ్?

మహారాజశ్రీ స్టెమ్ సెల్ సీరమ్ గారి సముఖానికి,

హన్మకొండ నుంచి నమస్కారాలు. ముఖానికి పూసుకోమని అమ్మే తమరి డబ్బా వెనక అంటించిన ధర స్టిక్కర్‌ను ముందు గోటితో, తర్వాత కొబ్బరినూనెతో గీకేసరికి నిన్నటి మధ్యాహ్నం కాస్తా హరించుకుపోయింది. పదార్థాల పట్టిక సరిగ్గా దాని కిందే ఉంది మరి. దిగుమతి సరుకు మీద రిజిస్ట్రేషన్ నంబరు, అది ఎవరి పేరున ఉందో వాళ్ల చిరునామా ఉండాలని 2020 కాస్మెటిక్స్ రూల్స్ అంటాయి. తమరి స్టిక్కర్‌కు ధర ఒక్కటే తెలుసు. పోనీండి.

మా దిక్కు బస్సులో పక్క సీటామె టికెట్ తీసుకోకముందే అడుగుతుంది: ఏ ఊరు, ఎవరి బిడ్డవు? తమరినీ అదే అడుగుతున్నాం. తమరి పేరులోని ఆ మూలకణం (స్టెమ్ సెల్) ఎవరిది? 'మాలస్ డొమెస్టికా' అని ఉంటే ఆపిల్‌ది. 'ఎస్‌హెచ్-ఆలిగోపెప్టైడ్-1' అయితే 53 అమైనో ఆమ్లాల గొలుసు, మనిషి ప్రొటీన్‌కు నకలు. ఎక్కువగా బ్యాక్టీరియాతో చేయిస్తారు. 'హ్యూమన్ కండిషన్డ్ మీడియా' బాపతు అయితే మనిషి కణాలను పెంచి, వాటిని వడగట్టేయగా మిగిలిన ద్రవం: కణాలు వదిలిన కాసిని ప్రొటీన్లు, ఉప్పులు, గ్లూకోజు, తక్కినదంతా నీళ్లు. డబ్బా ముందు మాత్రం మూడింటికీ ఒకే బంగారు అక్షరాలు!

యూరప్‌లో 1223/2009 నిబంధన మనిషి కణాలనూ, కణజాలాన్నీ, వాటి నుంచి తీసినవాటినీ కాస్మెటిక్స్‌లో నిషేధించింది. కొరియాలో కణాలు కూడవు, పెంచిన ద్రవం సరే. కాకపోతే దాతకు హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి పరీక్షలు చేసి రికార్డు పెట్టాలి. కొరియాలో ఇంటి అల్లుడు, యూరప్‌లో వెలి. ఆ రికార్డు సంగతి మా షాపులో అడిగితే, "ఒరిజినల్ కొరియా మాల్" అన్న జవాబే.

ల్యాబుల్లో మైనస్ 80 డిగ్రీల్లో దాచే ఎక్సోసోమ్‌లు (కణాలు వదిలే సూక్ష్మమైన సంచులు, తమరి చుట్టాలే) ఓరుగల్లు మే ఎండలో ఆటోలో ఊరేగడం గురించి ఇంకో ఉత్తరం రాస్తాం.

తమరు చర్మంలోకి దిగరన్నదీ తెలిసిందే. 500 డాల్టన్లు (అణువుల బరువు కొలత) దాటిన అణువుకు పైపొరలో దారి దొరకడం కష్టం. ఆ 53 ఆమ్లాల గొలుసే ఆరువేల చిల్లర. అందుకని పార్లర్ల సూదుల రోలర్ తిప్పి, ముఖమంత బొక్కలు చేసి మీద పోస్తున్నరు. ఏందిది? పైన పూసుకునే సీరమ్‌ను ఎవడన్న ఇంజక్షన్ మందు లెక్క స్టెరైల్‌గ చేస్తడా? గట్ల పొడిచి సీరమ్ పోస్తే చర్మంల గడ్డలు కట్టిన కేసులు డాక్టర్లు రాసిపెట్టిన్రు. ఎక్సోసోమ్ సరుకు దేనికీ మేం ఆమోదం ఇయ్యలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2019 డిసెంబర్లనే చెప్పింది. పెండ్లి ముంగట పిల్లల మొఖాలతోని ఆటలా?

క్షమించాలి, మర్యాద తప్పింది. స్టిక్కర్ దగ్గరికే వస్తాం. నూనెకు నాని చివరి వరుస బయటపడింది. ముందు ఫినాక్సీఇథనాల్, సరుకు చెడకుండా కలిపేది. అది 1 శాతం మించకూడదు, 1 శాతం దాటినవన్నీ తగ్గే వరుసలోనే రాయాలి. కాబట్టి దాని వెనక నిలబడ్డవన్నీ 1 శాతం లోపే. పత్రిక మీద పెళ్లికొడుకు, పందిట్లో ఆఖరి బంతి! ఆ ఆఖరి బంతిలో 'హ్యూమన్' అని ఒక మాట కనిపించింది. తర్వాతి మాట జిగురుతోపాటు ఊడొచ్చింది.