డెకోరాకి వైకింగ్‌ల కోసం వెళ్ళకండి

మినియాపొలిస్ చుట్టుపక్కల మనవాళ్ళకి లాంగ్ వీకెండ్ అంటే డులూత్, కాదంటే విస్కాన్సిన్ డెల్స్. హైవే 52 పట్టుకుని రోచెస్టర్ దాటి కిందికి వెళ్తే మూడు గంటల లోపే వచ్చే డెకోరా (అయోవా) ఎవరి లిస్టులోనూ ఉండదు. వెళ్ళే కొద్దిమందీ జూలై చివరి వారాంతం జరిగే నార్వే వాళ్ళ పండగ నార్డిక్ ఫెస్ట్‌కి వెళ్ళి, కొమ్ముల టోపీతో ఫోటో దిగి తిరిగొచ్చేస్తారు. అంత మంచి ఊరిని అలా చూసి రావడం అన్యాయం.

అసలు ఆ కొమ్ముల టోపీ వైకింగ్‌లది (పాతకాలపు స్కాండినేవియా సముద్రయోధులది) కాదు, 19వ శతాబ్దపు జర్మన్ ఒపెరా వేషం. డెకోరాకి వచ్చినవాళ్ళు వైకింగ్‌లూ కాదు. సాగుకి పనికొచ్చే నేల నూటికి మూడు పాళ్ళే ఉన్న నార్వేలో, పొలం పెద్దకొడుక్కి పోతే చేతిలో ఏమీ మిగలని తమ్ముళ్ళు, కౌలుదార్లు, కూలీలు. 1825లో స్టవాంగర్ నుంచి ఒక చిన్న ఓడలో 52 మందితో మొదలైన ఈ వలస వందేళ్ళలో ఎనిమిది లక్షలు దాటింది. వాళ్ళకి దొరికిన నేల ఖాళీ నేలేమీ కాదు. అక్కడి ఆదివాసులైన హోచంక్ ప్రజలను 1848లో అక్కణ్ణుంచి తరలించారు, మరుసటి ఏడే ఊరు లేచింది. ఊరికి పెట్టింది కూడా హోచంక్ నాయకుడు వాకన్ డెకోరా పేరే.

ముందు వాటర్ స్ట్రీట్‌లోని వెస్టర్‌హైమ్ మ్యూజియంకి వెళ్ళండి, ఈ నార్వే వలసదారుల మ్యూజియం అదే. 1877లో లూథర్ కాలేజీలో చిన్న సేకరణగా మొదలైంది. కనీసం మూడు గంటలు ఉంచుకోండి, గంటలో చూసేద్దామంటే ఏమీ ఎక్కదు. ట్రంకు పెట్టెల దగ్గర ఎక్కువసేపు ఆగండి. తెరచాప ఓడల రోజుల్లో ఎవరి తిండి వాళ్ళే తెచ్చుకోవాలి, పది వారాలకి సరిపడా. పల్చటి ఎండు రొట్టె, ఎండు మాంసం, ఆ పైన బట్టలు, బైబిలు, పనిముట్లు, అన్నీ ఒక్క పెట్టెలో. పెట్టెల మీది పూలతీగల రంగుల పనిని రోజ్‌మాలింగ్ అంటారు. తీగ ఒక పక్క నుంచి మొదలై వంపులు తిరుగుతూ ఇష్టంగా పాకితే టెలిమార్క్ పద్ధతి. మధ్యలో పువ్వు పెట్టి రెండు వైపులా సమంగా తీరిస్తే రొగలాండ్. ఇంతమాత్రం తెలిసినా పెట్టె ఏ ప్రాంతానిదో ఊహించొచ్చు. 1933లో ఇద్దరు అన్నదమ్ములు అట్లాంటిక్ దాటిన 25 అడుగుల పడవ కూడా అక్కడే ఉంది.

బయట ఆవరణలో దుంగల ఇళ్ళున్నాయి. లోపలికి వెళ్ళాలంటే గైడ్ టూర్ వేళలు ముందే కనుక్కోండి, చలికాలంలో మరీ ముఖ్యం. గోడల్ని దగ్గరగా చూడండి. నార్వేలో పై దుంగ అడుగుని కింది దుంగ ఒంపుకి తగ్గట్టు చెక్కి, మధ్యలో నాచు కూరతారు, సందు కనపడదు. అమెరికాలో చలి ముంచుకొచ్చే లోపు కప్పు వేసుకోవాలి, అంత చెక్కే తీరిక లేక సందుల్లో మట్టో సున్నమో మెత్తారు.

తిండి సంగతి. శాకాహారులు లెఫ్సే (బంగాళాదుంప రొట్టె) ధైర్యంగా తినొచ్చు, కానీ గుడ్డు వేశారా అని ఒకసారి అడగండి. ఉడికిన బంగాళాదుంపని ఉండల్లేకుండా చిదిమి, వేడి మీదే వెన్న, క్రీమ్ కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో చల్లారనిస్తారు. పిండి కలపడం ఒత్తే ముందే. వెచ్చగా ఉండగానే కలిపితే ముద్ద జారిపోతుంది, జారిందని ఇంకా పిండి పోస్తే రొట్టె తోలులా సాగుతుంది. 260 డిగ్రీల సెల్సియస్ పెనం మీద నూనె లేకుండా, పొడవాటి పల్చటి కర్రతో తిప్పుతారు. రోజెట్లు చూస్తే మన గులాబీ పువ్వులే! అదే అచ్చు, అదే కిటుకు: అచ్చు నూనెలో బాగా కాగాలి, పిండి అచ్చు పైఅంచు దాటకూడదు, దాటితే పువ్వు ఊడిరాదు. వాటిలో మాత్రం గుడ్డు ఖాయం.

నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణం భాష. నార్వేలో ఒకే జిల్లా వాళ్ళంతా ఇక్కడ కలిసి సంఘాలు పెట్టుకోవడం, సెలవుల్లో పిల్లలకి నార్వేజియన్ బడి నడపడం, అన్నీ మనం చేస్తున్నవే. డెకోరా పోస్టెన్ అనే నార్వేజియన్ పత్రిక ఈ ఊళ్ళోనే 1874లో మొదలైంది. 1918 మేలో అయోవా గవర్నర్ హార్డింగ్ బళ్ళో, చర్చిలో, రైల్లో, చివరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని ఉత్తర్వు ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, గురి జర్మన్ల మీద, దెబ్బ అందరికీ. డిసెంబరుకల్లా ఉత్తర్వు పోయింది. కానీ ఆ తర్వాతి ఏళ్ళలో ఎవరూ బలవంతపెట్టకుండానే చర్చిలు ఒక్కొక్కటీ ఇంగ్లీషుకి మారాయి. అమెరికాలోని నార్వేజియన్ లూథరన్ చర్చి 1946లో తన పేరులోంచి నార్వేజియన్ అన్న మాటే తీసేసింది. పత్రిక 1972లో ఆగిపోయింది. రంగుల పెట్టెలు, లెఫ్సే, పండగ నిలబడ్డాయి. ఇంట్లో మాట్లాడే మాట నిలబడలేదు.

మీ పిల్లలు ఆదివారం తెలుగు బడికి వెళ్తుంటే వాళ్ళని తీసుకెళ్ళండి. ఫెస్ట్ వారం వద్దు, రూములు దొరకవు, మ్యూజియంలో నిలబడి చదివే చోటుండదు. పొద్దున్నే బయల్దేరితే పదిన్నరకి అక్కడుంటారు. మధ్యాహ్నం దాకా మ్యూజియం, తర్వాత డన్నింగ్స్ స్ప్రింగ్ జలపాతం, చీకటి పడే లోపు ఇంటిదారి.