బోదె ఏదో తెలియని బ్రోకర్లు

మా కోనసీమలో భూముల ధరల గురించి రోజూ మాట్లాడుకుంటాం గాని, ఆ బేరాలు కుదిర్చే మనుషులే మారిపోయిన సంగతిని ఎవరూ పట్టించుకోవడం లేదు.

1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాక చాలాకాలం మా వైపు ఈ పని మాజీ కరణాలు, దస్తావేజు లేఖరులు, ధాన్యం కమీషను వ్యాపారులు చేసేవారు. అందరూ యాభై దాటిన మగవారే. వారిలో అబద్ధాలాడేవారు లేరని నేను అనను. కాని ఏ చేను విస్తీర్ణం ఎన్ని కుంచాలో, 1986 ఆగస్టు వరద ఏ గట్టు దాకా వచ్చిందో, ఏ సర్వే నంబరులో అన్నదమ్ముల వాటాలు తెగలేదో వారికి కాగితం చూడకుండానే తెలిసేది.

ఇప్పుడు వస్తున్నవారు ఉద్యోగం దొరకని బీటెక్ కుర్రాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారు, బీమా పాలసీలు అమ్మిన అనుభవంతో దిగిన గృహిణులు. ఆడవారు రావడం మంచిదే. అయితే చాలామందికి ‘టీమ్ లీడర్’ అనే బిరుదే తప్ప జీతం లేదు; ప్లాటు అమ్ముడైతేనే కమీషను, పెట్రోలు మాత్రం సొంతం.

2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం, నమోదైన వెంచర్లలో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తానూ నమోదు కావాలి. కాకపోతే రోజుకు 10,000 రూపాయల చొప్పున జరిమానా. అయితే 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు, దాటని స్థలంలో వేసిన వెంచరుకు నమోదే అక్కరలేదు. రైతు రైతుకు అమ్ముకునే వరిచేను, చేపల చెరువు ఆ చట్టం పరిధిలోకే రావు. పైగా చట్టం నమోదు అడిగింది గాని పరిజ్ఞానం అడగలేదు. మహారాష్ట్రలో 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేశారు. ఇక్కడా పెట్టాలి, అందులో భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే అడంగలు, ఎవరి పేరున ఉందో చెప్పే 1-బి, పాత లావాదేవీలు చూపే ఈసీ చదవడంతో పాటు పంట, మురుగు కాలువల పటం చూడడమూ నేర్పాలి.

ఎందుకంటే, హాస్టళ్లలో పెరిగి ఇటీవలే ఈ పనిలో చేరిన మా మేనల్లుడు ఫోన్ చేసి, “మామయ్యా, దక్షిణం హద్దు పంట బోదె అని రాశారు, బోదె అంటే ఏంటి?” అని అడిగాడు. చేలకు నీరు పారే చిన్న కాలువే బోదె. ఆ స్థలం మీద డ్రోన్ ఎగరేసి వీడియో తీసినవాడు వాడే. ఊళ్లోని పాత మధ్యవర్తి ఒకాయనను వెంటబెట్టుకుని వెళ్లాం. ఆయన గ్రావెల్ రోడ్డు మీద నిలబడి, చెప్పుతో కిందికి చూపించి, “ఇదే బోదె, పూడ్చేశారు” అన్నారు. కొనేవారు వెనక్కి తగ్గారు, వాడి కమీషను పోయింది. పెద్దాయనకు మేము ఇచ్చింది ఒక టీ.