పరిహారం అనే మాట పలకని నిధి గారికి

మహారాజశ్రీ నష్ట హాని నిధి (వాతావరణ మార్పు వల్ల నష్టపోయిన పేద దేశాల కోసం ప్రపంచ దేశాలు కలిసి పెట్టిన నిధి) వారి దివ్యసముఖమునకు, కోనసీమ నుండి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, ప్రస్తుతం మూడెకరాల వరి రైతు, నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు కూడా క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. 2025 నవంబరు 20న బ్రెజిల్‌లోని బెలేమ్‌లో వాతావరణ సదస్సు జరుగుతున్న ఆవరణలోనే మంటలు లేచి, దేశదేశాల ప్రతినిధులు బయటికి పరుగులు తీశారని పేపర్లో చదివి కంగారుపడ్డాను. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను. ఇల్లు అంటుకున్నప్పుడు ముందు బయటపడాలని, ముసాయిదాలో కామా ఎక్కడ పెట్టాలన్నది తర్వాత చూసుకోవచ్చని ఆ ఒక్క మధ్యాహ్నం అన్ని దేశాలకూ ఏకాభిప్రాయంతో తోచడం కూడా సంతోషించదగిన విషయమే.

ఇక నా సంగతి. నిన్న మధ్యాహ్నం మూడున్నర గంటల పాటు నేనొక గోడ ముందు నిలబడ్డాను. మొంథా తుఫానులో పంట పోగొట్టుకున్న రైతుల జాబితాను ఆ గోడకు అంటించారు. అందులో నా పేరు లేదు. ఎక్కడో వరుస తప్పి ఉంటుందని, ఏళ్ళ తరబడి హాజరుపట్టీ చదివిన అలవాటు కొద్దీ, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివాను. సంబంధిత ఉద్యోగి భోజనానికి వెళ్ళి, భోజనం నుంచి సమావేశానికి వెళ్ళి, సమావేశం నుంచి నాలుగు గంటలకు తిరిగివచ్చాడు. అతడు ఎనిమిదో తరగతిలో నా శిష్యుడు. నన్ను చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చాడు. ‘మాస్టారూ, మీ చేలో నష్టం 30 శాతమే నమోదైందండి. 33 ఉంటేనే ఇన్‌పుట్ సబ్సిడీ వస్తుందండి. నా చేతుల్లో ఏముందండి’ అన్నాడు. వాడి చేతుల్లో నిజంగానే ఏమీ లేదు. 2015కు ముందు ఆ గీత 50 దగ్గర ఉండేది. సగం పంట నీళ్ళపాలైతేనే అది నష్టమనిపించుకునేది. అంతకంటే ఇప్పుడు నయమే కదా అని వాడే నన్ను ఓదార్చాడు.

నా నష్టం 30 దగ్గర ఎందుకు ఆగిందో తమకు విన్నవించుకోవాలి. అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తుఫాను తీరం దాటినప్పుడు నా స్వర్ణ రకం వరి చేను గింజ గట్టిపడే దశలో ఉంది. తెల్లవారి వెళ్ళి చూస్తే చేనంతా చాప పరిచినట్టు ఒకే వైపుకు పడిపోయి, కంకులు నీళ్ళలో నానుతున్నాయి. మురుగు కాలువలో పూడిక తీయక ఎన్నేళ్ళయిందని అడగవద్దు, అది వేరే ఉత్తరం. అలాగే వదిలేస్తే గింజ చేలోనే మొలకెత్తుతుంది కాబట్టి, అప్పు తెచ్చి, కూలీలను బతిమాలుకొని, గట్టు తెగ్గొట్టి నీళ్ళు తీయించి, పడిన దుబ్బులను నాలుగేసి కలిపి పైకెత్తి కట్టలు కట్టించాను. అంచనాల బృందం వచ్చేసరికి నా చేను నిలబడి ఉంది. నిలబడి ఉన్న చేనుకు నష్టమేమిటని వారు అనుకోవడంలో తప్పేమీ లేదు. చేయగలిగినదంతా చేసిన పాపానికి నేను మూడు మార్కులతో తప్పాను. నా తూర్పు గట్టు పక్కన కౌలుకు చేస్తున్నవాడి పంట పూర్తిగా కుళ్ళిపోయింది. అతనికి కౌలు గుర్తింపు కార్డు లేదు కనుక అతని నష్టం, తుఫానును హైదరాబాదులో కూర్చొని టీవీలో చూసిన భూయజమాని ఖాతాలోకి వెళ్ళింది.

మా ఊరి గోడకూ తమకూ సంబంధమేమిటని తమరు అడగవచ్చు. ఆ సంబంధం ఒక కాగితంలో ఉంది. పునఃపరిశీలన కోరుతూ అర్జీ పెట్టుకొమ్మని శిష్యుడు నాకొక అచ్చు కాగితం ఇచ్చాడు. అందులో నా పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం అన్నీ ఖాళీలే. ‘నష్టానికి కారణం’ అన్న ఒక్క గడి మాత్రం ముందే నింపి ఉంది: ప్రకృతి వైపరీత్యం. నేను ఆ మాట కొట్టివేసి, ‘విచారించవలసి ఉన్నది’ అని రాశాను. కొట్టివేతలున్న కాగితం చెల్లదని వాడు బతిమాలి ఇంకొకటి ఇచ్చాడు. రాత్రంతా ఆ గడి నన్ను నిద్రపోనివ్వలేదు. తెల్లవారుజామున, ఆ గడిని ఇంతకంటే పెద్ద ఎత్తున ముందే నింపి పెట్టుకున్నవారు తమరేనని గుర్తుకు వచ్చింది.

తుఫానులన్నీ మనిషే చేశాడని వాదించే మూర్ఖుణ్ణి కాను. 1839లో కోరింగ రేవును ఊడ్చుకుపోయిన ఉప్పెనకు ఏ మోటారు కారూ కారణం కాదు. 1996 నవంబరు 6 రాత్రి మా కోనసీమ కొబ్బరి తోటలు తలలు తెగిపడుతుంటే, పెంకుటింట్లో మంచం కింద పిల్లలను పెట్టుకొని కూర్చున్నవాణ్ణి నేను. ఆ రాత్రి నాకు తోచింది దేవుడొక్కడే. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అదనంగా నీటి ఆవిరిని మోయగలదని, ఆ మోసిన బరువును ఎక్కడో ఒకచోట కుమ్మరించక తప్పదని ఇప్పుడు పిల్లల పాఠాల్లోనే ఉంది. ఆ అదనపు వేడిలో ఎవరి పొయ్యి వాటా ఎంతో కూడా లెక్కలున్నాయి. నా 30 శాతంలో ఆ 7 వాటా ఎంతో తేల్చే ఉద్యోగి మాత్రం భోజనం నుంచి ఇంకా తిరిగి రాలేదు.

తమ పుట్టుపూర్వోత్తరాలు నేను శ్రద్ధగా చదివాను. 1991లో, వాతావరణ ఒప్పందం ఇంకా పుట్టకముందే, వనువాటు అనే చిన్న దీవుల దేశం తోటి దీవుల తరఫున ఒక మాట అడిగింది. సముద్రం పెరిగి మా నేల మునిగితే, పొగ ఎక్కువ వదిలిన సంపన్న దేశాలు వాటాలు వేసుకొని మా నష్టం తీర్చే బీమా ఒకటి పెట్టండి అన్నది. ఆ అర్జీకి 31 ఏళ్ళు పట్టింది. ఈలోగా 2013లో వార్సా సదస్సులో ‘యంత్రాంగం’ ఒకటి ఏర్పడింది. యంత్రాంగం అంటే డబ్బు లేని కార్యాలయమని మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. 2022లో పాకిస్తాన్‌లో వరదలు 3.3 కోట్ల మందిని ముంచి, 3,000 కోట్ల డాలర్లకు మించిన నష్టం మిగిల్చిన తర్వాత, ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో తమరు పుడతారని ప్రకటించారు. మరుసటి ఏడాది దుబాయిలో సదస్సు మొదటి రోజునే తమకు ప్రాణప్రతిష్ఠ జరిగితే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లు నిండుగానే వచ్చాయి. హామీలు మాత్రం 2025 చివరికి కూడా 80 కోట్ల డాలర్ల దరిదాపుల్లోనే ఉన్నాయి. అంటే ప్రపంచమంతా కలిసి ఇస్తానన్నది పాకిస్తాన్ ఒక్క వర్షాకాలపు నష్టంలో నలభయ్యో వంతుకు అటూ ఇటూ. అమెరికా 1.75 కోట్ల డాలర్లు ఇస్తానని, 2025 మార్చిలో తమ పాలకమండలి నుంచే తప్పుకొన్నది. పెళ్ళికి నూటపదహార్లు చదివించి, పీటల మీద నుంచి వధువు మేనమామే లేచిపోయినట్టుంది.

అయినా నా తగాదా డబ్బుతో కాదని తమరు గ్రహించాలి. చేను పోయినవాడికి డబ్బు తక్కువ రావడం కొత్త కాదు. నా తగాదా ఒక మాటతో. 2015లో పారిస్ ఒప్పందంలో నష్టం, హాని గురించి ఎనిమిదో అధికరణాన్ని చేర్చారు; చేర్చిన చేత్తోనే, ఆ అధికరణం ఎవరి బాధ్యతకూ ఏ పరిహారానికీ ఆధారం కాబోదని తీర్మానంలో వేరుగా రాసుకున్నారు. షర్మ్ అల్ షేక్‌లో తమ ప్రస్తావనను కార్యక్రమంలో చేర్చుకొనేటప్పుడు కూడా ఇది సహకారం, తోడ్పాటు మాత్రమేనని, బాధ్యతా పరిహారమూ కావని మళ్ళీ పలికించుకున్న తర్వాతే చేర్చనిచ్చారు. పుట్టబోయే బిడ్డకు ఆస్తిలో వాటా లేదని కాన్పుకు ముందే కాగితం రాయించుకున్న తండ్రిని నేను తమ దగ్గరే చూశాను.

జీవితమంతా తెలుగు చెప్పినవాణ్ణి గనుక మాటల బరువు నాకు కొంచెం తెలుసు. దానం ఇచ్చినవాడు పుణ్యాత్ముడవుతాడు. సాయం చేసినవాడు మంచివాడవుతాడు. సబ్సిడీ ఇచ్చిన సర్కారు ఉదారమైనదవుతుంది. పరిహారం ఇచ్చినవాడు మాత్రం ఏమీ కాడు. ఎందుకంటే అతడు తాను చేసినదానికి చెల్లించాడు, అంతే. పుచ్చుకున్నవాడు కూడా నమస్కారం పెట్టనవసరం లేదు. నా పంట పోతే నాకు వచ్చేది కూడా ఇన్‌పుట్ సబ్సిడీయే, పంట పరిహారం కాదు. విత్తనానికీ ఎరువుకూ మళ్ళీ కొంత విదిలింపు, పోయిన గింజ సంగతి ఎవరూ ఎత్తరు. మీ పత్రాలూ మా పత్రాలూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నాయి. ఎర్ర సిరాతో తమ తీర్మానాలు దిద్దుదామని కూర్చుంటే ప్రతి వాక్యంలోనూ ఒకటే దోషం కనిపించింది: నష్టం ‘జరిగింది’, ఉష్ణోగ్రత ‘పెరిగింది’, సముద్రం ‘ముందుకు వచ్చింది’. కర్త లేడు, కర్మ మాది, క్రియ వచ్చే సదస్సుకు వాయిదా.

ఆ మాటను పలకగలిగినవారు లోకంలో లేకపోలేదు. పసిఫిక్ దీవుల్లో న్యాయశాస్త్రం చదువుకుంటున్న కొందరు పిల్లలు మొదలుపెట్టిన పోరు వనువాటు చేతుల మీదుగా అంతర్జాతీయ న్యాయస్థానానికి చేరింది. 2025 జులై 23న ఆ న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా, వాతావరణ వ్యవస్థను కాపాడే బాధ్యతను మీరిన దేశం షరతులకు లోబడి పరిహారం కూడా చెల్లించవలసి రావచ్చునని అభిప్రాయం చెప్పారు. అది సలహా మాత్రమే, డిక్రీ కాదని నాకు తెలుసు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా సలహాకు కట్టుబడనవసరం లేదని తెలుసు. అయినా ఆ రోజు పేపరు కత్తిరించి దాచుకున్నాను.

నేను ఇలా అంటుంటే ‘మీ దేశం మాత్రం పొగ వదలడం లేదా’ అని తమ దాతల్లో ఎవరైనా అడుగుతారు. వదులుతున్నది. ఏటా వదిలే మొత్తంలో మూడో స్థానం మాదే. దానికి జవాబు చెప్పవలసిన రోజు మాకూ వస్తుంది, రావాలి కూడా. కానీ తల ఒక్కింటికి మాది ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడు, అమెరికావాడిది పద్నాలుగు. ఇద్దరమూ ఒకే భోజనానికి కూర్చున్నామని, బిల్లు సమానంగా పంచుకుందామని చెప్పేవాడు ముందుగా వచ్చి ఎన్ని ఆకులు ఖాళీ చేశాడో చూడాలి కదా.

ఇంకొక విషయం కూడా మనసులో ముల్లులా ఉంది. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన ఒక్క రాత్రి సుమారు పదివేల మందిని తీసుకుపోయింది. ఈసారి మొంథా రావడానికి రోజుల ముందే ఫోన్లు మోగాయి, గర్భిణులను ఆసుపత్రులకు చేర్చారు, లంకల్లోని జనాన్ని తరలించారు. ప్రాణాలు దక్కాయి. ఇందుకు మా వాతావరణ శాఖకూ, రాత్రుళ్ళు వానలో తిరిగిన చిరుద్యోగులకూ, అందులో నా శిష్యుడికి కూడా, చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ మనుషులు చావకపోతే లోకం దృష్టిలో అది విపత్తే కాదు. చేను లేపి కట్టిన రైతుకు ఏమి జరిగిందో, జనాన్ని ముందే తరలించిన తీరానికీ అదే జరుగుతున్నది: నిలబడి ఉన్నావు కదా, నీకేమి నష్టం? మేము సురక్షితంగా బతికి, ఏడాదికేడాది నెమ్మదిగా దివాలా తీయడాన్ని కొలిచే శాతం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇంతవరకు మర్యాదగానే రాశాను. ఇక చేత కావడం లేదు. ముప్పైనాలుగేళ్ళుగా ప్రతి దీవి, ప్రతి డెల్టా మీ ముందు అర్జీదారుగానే నిలబడాలా? పోయినవాడు తన నష్టాన్ని తానే ఋజువు చేసుకోవాలి, తానే తర్జుమా చేయించుకోవాలి, మీ మాటల్లోనే అడగాలి, ఆ ఒక్క మాట మాత్రం అడగకూడదు. పోగొట్టినవాడు దాతల వరుసలో కూర్చొని చప్పట్లు కొట్టించుకుంటాడు. 2009లో కోపెన్‌హాగన్‌లో సంపన్న దేశాలు పేద దేశాలకు 2020 నాటికి ఏటా పదివేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి, 2022కు గాని ఆ అంకె ముట్టలేదు. అందులోనూ ఎక్కువ భాగం అప్పులు. నా చేను ముంచినవాడు నాకు వడ్డీకి అప్పిచ్చి రసీదు మీద ‘సాయం’ అని రాస్తే, నేను దానికి పెట్టవలసిన పేరు ఈ వయసులో రాయదగినది కాదు.

క్షమించాలి. బెలేమ్‌లో తమరు తొలిసారిగా 25 కోట్ల డాలర్లకు దరఖాస్తులు ఆహ్వానించారని చదివాను. అందులో కనీసం సగం చిన్న దీవులకూ, అతి పేద దేశాలకూ అని కూడా చదివాను. అది న్యాయం, వారే ముందు అడిగారు, వారే ముందు మునుగుతారు. నా వంతు వచ్చేదాకా నేను ఆగగలను. నాకు రేపు కోత ఉంది. పడి లేచిన చేనుకు కోత మిషను రెట్టింపు గంటలు తీసుకుంటుందట. కోశాక తేమ 17 శాతానికి దిగేదాకా రోడ్డు మీద ఆరబెట్టాలి, రంగు మారిన గింజ చూసి మిల్లువారు ముఖం చిట్లిస్తే మళ్ళీ తిప్పుకురావాలి. సంక్రాంతి లోగా దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పులు కూడా అయిపోవాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
33కు మూడు తక్కువైన రైతు

తా.క. తమ దరఖాస్తు ప్రతి ఒకటి నాకు పంపగలరు. ‘కారణం’ అన్న గడిని మాత్రం ఖాళీగా ఉంచి పంపండి. ఎర్ర సిరా నా దగ్గర ఉంది.